చెప్పులు కుట్టే సీమోన్ ఏమన్నాడు?

మా నాన్న దర్జీ. బస్టాండు పక్క సందులో నలభై ఏళ్ళుగా ఒకటే కొట్టు, ఒకటే మిషన్. రెండేళ్ళ కిందట సెలవులకి ఊరెళ్ళినప్పుడు, మధ్యాహ్నం గిరాకీ లేని వేళల్లో ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేను చదువుతున్న పుస్తకాన్ని పైకి చదివి వినిపించేదాన్ని. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీసు తన తరఫున తానే చెప్పుకున్న మాటలుగా ప్లేటో రాసిన పుస్తకం అది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకొచ్చిన తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. నాన్న ఒక చొక్కాకి చేత్తో కాజాలు కుడుతున్నారు.

సోక్రటీసు కన్నా తెలివైనవాడు లేడని డెల్ఫీ దేవాలయంలో సోదె చెప్పారు. అది నిజమో కాదో తేల్చుకోవాలని ఆయన బయల్దేరాడు. ముందు రాజకీయ నాయకుల దగ్గరికి వెళ్ళాడు, తర్వాత కవుల దగ్గరికి, చివరికి చేతిపనుల వాళ్ళ దగ్గరికి. వీళ్ళకి తనకు తెలియని మంచి విషయాలు చాలా తెలుసని ఒప్పుకున్నాడు. కానీ తమ పని బాగా వచ్చు కాబట్టి పెద్ద పెద్ద విషయాలు కూడా తమకే తెలుసని ప్రతివాడూ అనుకుంటున్నాడని, ఆ పొరపాటు వాళ్ళ తెలివిని కప్పేసిందని తీర్పు చెప్పాడు. నాన్న సూది ఆపి, "అంతేనా?" అన్నారు.

"అంతే నాన్నా."

"ఆయన వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు సరే. వాళ్ళేమన్నారు?"

పేజీ వెనక్కి తిప్పి చూశాను. వాళ్ళేమన్నారో లేదు. చేతిపనుల వాళ్ళ గురించి ప్లేటో రాసింది నాలుగైదు వాక్యాలు. ఒక్కడి పేరు లేదు, ఒక్కడి మాట లేదు. కాలేజీ రోజుల నుంచి నేను ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు చదివాను. ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. నాన్నకి మొదటిసారి వినగానే వచ్చింది. వస్తుంది మరి, ఆ మూడో గుంపులో ఉన్నది ఆయనే కదా.

అప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస అయింది. సోక్రటీసు సంభాషణల నిండా చెప్పులు కుట్టేవాళ్ళే. ఇది విసుగ్గా మారిందని ఆయన స్నేహితులూ శత్రువులూ కూడా అన్నారు. ప్లేటో రాసిన 'గోర్జియాస్'లో కాలిక్లీస్ అనే పెద్దింటి యువకుడు, నువ్వు ఎప్పుడు చూసినా చెప్పులు కుట్టేవాళ్ళ గురించి, బట్టలు ఉతికేవాళ్ళ గురించి, వంటవాళ్ళ గురించేనా మాట్లాడేది అని కోప్పడతాడు. ఏథెన్స్‌ని కొన్నాళ్ళు ముప్ఫైమంది నియంతలు ఏలినప్పుడు వాళ్ళలో ఒకడైన క్రిటియాస్, ఇక నీ చెప్పులవాళ్ళనీ వడ్రంగుల్నీ కమ్మరుల్నీ వదిలెయ్, నీ నోట్లో పడి నలిగి అరిగిపోయారు వాళ్ళు అన్నాడని, ప్లేటోలాగే సోక్రటీసు చుట్టూ తిరిగిన రచయిత జెనోఫోన్ రాశాడు. సోక్రటీసుని అభిమానించిన సేనాపతి ఆల్సిబయాడీస్ ప్రేమగానే అన్నా అదే మాట: ఈయన నోట గాడిదలు, కమ్మరులు, చెప్పులవాళ్ళు, తోలు శుద్ధి చేసేవాళ్ళు తప్ప మరొకటి రాదు.

ఇంతగా ఉదాహరణకి పనికొచ్చినవాడు ఆ పుస్తకాల్లో ఒక్కసారైనా ఎదురు కూర్చుని మాట్లాడాలి కదా. జెనోఫోన్ కొంత న్యాయం చేశాడు. పారేసియస్ అనే చిత్రకారుడితో, క్లీటన్ అనే శిల్పితో, పిస్టియాస్ అనే కవచాలు చేసేవాడితో సోక్రటీసు మాట్లాడిన చిన్న సన్నివేశాలు రాశాడు. అవి నాకిష్టం. ప్లేటోలో మాత్రం మాట్లాడేవాళ్ళు సేనాపతులు, కవులు, డబ్బు తీసుకుని పాఠాలు చెప్పే పండితులు, పెద్దిళ్ళ కుర్రాళ్ళు. చెప్పులు కుట్టేవాడు ఉపమానంగా వస్తాడు, ఉపమానం కాగానే వెళ్ళిపోతాడు.

నాన్న ప్రశ్నకి జవాబుండే పుస్తకం ఒకటి ఒకప్పుడు ఉండేది. అది పోయింది. దాన్ని రాసినవాడి పేరు సీమోన్.

అతని గురించి మనకి ఉన్న ముఖ్యమైన ఆధారం, క్రీ.శ. 3వ శతాబ్దంలో డయోజినిస్ లేర్షియస్ అనే ఆయన తత్వవేత్తల జీవితాలు పోగుచేస్తూ రాసిన ఒక చిన్న భాగం. చేత్తో రాస్తే ఒక పేజీ రాదు. సీమోన్ ఏథెన్స్‌వాడు, చెప్పులు కుట్టేవాడు. సోక్రటీసు అతని కొట్టుకి వచ్చి మాట్లాడుతుంటే, గుర్తున్నంతవరకు రాసి పెట్టుకునేవాడు. అందుకే అతని రచనలకి 'తోలు సంభాషణలు' అని పేరొచ్చింది. మొత్తం 33, అన్నీ ఒకే చుట్టలో, అంటే పపైరస్ అనే రెల్లు కాగితాన్ని చుట్టి చేసే అప్పటి పుస్తకంలో, ఉండేవి. సోక్రటీసు సంభాషణల్ని రచనగా మొదట తెచ్చినవాడు ఇతనే అంటారు. తర్వాత పెరిక్లీస్ గురించి ఒక వాక్యం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ 33 సంభాషణల పేర్ల జాబితా కూడా అక్కడే ఉంది. దేవుళ్ళ గురించి. మంచి గురించి. అందం అంటే ఏమిటి. న్యాయం గురించి, రెండు భాగాలు. మంచితనం నేర్పితే వచ్చేది కాదని ఒకటి. ధైర్యం గురించి మూడు. చట్టం గురించి. జనాన్ని నడిపించడం గురించి. గౌరవం గురించి. కవిత్వం, సంగీతం, ప్రేమ. జ్ఞానం గురించి. సంభాషణ గురించి. తీర్పు చెప్పడం గురించి. సంఖ్య గురించి. శ్రద్ధ గురించి. అత్యాశ గురించి. గొప్పలు చెప్పుకోవడం గురించి.

ఈ జాబితా చదివినప్పుడు నా కళ్ళు ఒకచోట ఆగాయి. ఇందులో చెప్పుల గురించి ఒక్కటీ లేదు. తోలు గురించి లేదు, కుట్టు గురించి లేదు. పెద్దమనుషులు తత్వం మాట్లాడుతూ చెప్పుల్ని ఉదాహరణగా తెచ్చారు. చెప్పులు కుట్టేవాడు మాత్రం నేరుగా న్యాయం గురించే మాట్లాడాడు. చేతిపనివాళ్ళు పెద్ద విషయాల్లో తలదూరుస్తున్నారని న్యాయస్థానంలో సోక్రటీసు నోట వినిపించే ఫిర్యాదుని ఈ జాబితా పక్కన పెట్టి చూడండి. ఆ పెద్ద విషయాలన్నీ ఇక్కడ వరుసగా ఉన్నాయి. వాటి మీద ఆ కొట్లో ఇద్దరూ కలిసే కూర్చున్నారు.

ఇంకో సంగతి. పపైరస్ చుట్ట ఒకటి అంటే మరీ పెద్దదేం కాదు. ప్లేటో 'రిపబ్లిక్' పది భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగం సుమారుగా ఒక్కో చుట్ట. సీమోన్‌వి 33 సంభాషణలు ఒకే చుట్టలో పట్టాయంటే ఒక్కొక్కటీ రెండు మూడు పేజీలకి మించి ఉండదు. ఒక జత చెప్పులకి తోలు వారు, అంటే పట్టీ, మార్చేంతసేపు నడిచే మాట ఎంత ఉంటుందో అంత. ప్లేటో సంభాషణలు మహా నాటకాలు, ఎవరు ఎక్కడ నవ్వాలో కూడా ఆయన ఏర్పాటు చేస్తాడు. అసలు సోక్రటీసు రోజూ వీధిలో మాట్లాడిన తీరుకి ఏది దగ్గరో అడిగితే, నా ఓటు ఆ పొట్టి రాతలకే. గుర్తున్నంతవరకే రాశాడన్నారు కదా, ఆ మాటలో నాకు నిజాయితీ కనిపిస్తుంది. గుర్తులేనిది కల్పించలేదనే కదా దాని అర్థం.

ఇప్పుడు కొట్టు సంగతి. ఏథెన్స్ నడిబొడ్డున ఉన్న అగోరాని, అంటే ఊరి సంత, కోర్టులు, ఆఫీసులు అన్నీ ఉన్న ఆ మైదానాన్ని, 1931 నుంచి అమెరికన్ పురావస్తు బృందం తవ్వుతోంది. అగోరా నైరుతి మూలలో ఒక సరిహద్దు రాయి ఉంది. 'నేను అగోరా హద్దును' అని దాని మీద చెక్కి ఉంటుంది, రాయే మాట్లాడుతున్నట్టు. 1950లలో ఆ రాతిని ఆనుకునే ఒక చిన్న ఇంటి పునాదులు బయటపడ్డాయి. నేల మీద బోలెడన్ని చిన్న ఇనప మేకులు, చెప్పు అడుగుకి కొట్టే రకం. ఎముకతో చేసిన చిన్న చిన్న రింగులు, తాళ్ళు దూర్చడానికి. అక్కడ పనిచేసినవాడు చెప్పులవాడనడంలో సందేహం లేదు. అక్కడే నల్లటి మెరుగుపూత ఉన్న ఒక తాగే పాత్ర అడుగు ముక్క దొరికింది. దాని మీద గీతలుగా గీకిన ఒక పేరు: సీమోనోస్, అంటే 'సీమోన్‌ది'. కాలం క్రీ.పూ. 5వ శతాబ్దం, సోక్రటీసు ఆ వీధుల్లో తిరిగిన కాలమే.

ఆ అక్షరాల గురించి ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. పేరులో దీర్ఘం ఉండాల్సిన 'ఓ'కి, పొట్టి 'ఒ'కి ఆ ముక్క మీద ఒకటే గుర్తు. అది ఏథెన్స్ పాత లిపి అలవాటు. క్రీ.పూ. 403లో వాళ్ళు అధికారికంగా కొత్త లిపికి మారాక రెండూ విడిపోయాయి. మన తొలి శాసనాల లిపిలోనూ ఎ-ఏ, ఒ-ఓలకి వేరు వేరు గుర్తులు ఉండేవి కావు. చదివేవాడే దీర్ఘం వేసుకోవాలి. మా నాన్న రాసే కొలతల పుస్తకంలో కూడా దీర్ఘాలు ఉండవు. అందుకేనేమో ఆ గిన్నె ముక్క ఫొటో చూడగానే నాకు తెలిసిన చేతిరాతలా అనిపించింది.

ఆ చోటు కూడా అన్నీ అతికినట్టు ఉంది. ఇంకా వయసు రాని కుర్రాళ్ళు అగోరాలోకి వచ్చి పెద్దల వ్యవహారాల్లో తిరగడం మర్యాద కాదు. కాబట్టి వాళ్ళు హద్దుకి ఇవతల కొట్లలో చేరేవారు. యూథిడీమస్ అనే కుర్రాడు అలా అగోరా దగ్గర గుర్రపు కళ్ళేలు చేసే కొట్లో కూర్చునేవాడని, సోక్రటీసు అక్కడికే వెళ్ళి అతన్ని మాటల్లోకి దింపేవాడని జెనోఫోన్ రాశాడు. అదీ తోలుపని కొట్టే. ఇంకో సంగతి, సోక్రటీసు చాలావరకు వట్టి కాళ్ళతోనే తిరిగేవాడు, మంచులో కూడా. చెప్పులు కొనని మనిషి చెప్పుల కొట్లో గంటలు గంటలు కూర్చునేవాడు! కూర్చోనిచ్చినవాడి మనసెంతటిదో కొట్టు నడిపినవాళ్ళకి తెలుస్తుంది.

ఇంత ఉన్నా, సీమోన్ అనేవాడు అసలు లేడని, అతను ఒక కల్పిత పాత్ర అని పండితుల్లో గట్టిగా వాదించినవాళ్ళున్నారు. వాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేయలేం. ప్లేటో, జెనోఫోన్ ఇద్దరూ అతని పేరెత్తలేదు. సోక్రటీసు శిష్యుడైన ఫీడో 'సీమోన్' అనే పేరుతోనే ఒక సంభాషణ రాశాడు, కాబట్టి ఆ పాత్ర నుంచే ఈ మనిషి పుట్టి ఉంటాడు. డయోజినిస్ రాసింది ఆరువందల ఏళ్ళ తర్వాత. సీమోన్ అనే పేరు ఏథెన్స్‌లో అరుదైనదీ కాదు.

మౌనం సంగతి ముందు చూద్దాం. జెనోఫోన్ తన సోక్రటీసు జ్ఞాపకాల్లో ప్లేటో పేరు ఒకే ఒక్కసారి తలుస్తాడు. ప్లేటో జెనోఫోన్ పేరు ఒక్కసారి కూడా తలవడు. ఒకే గురువు చుట్టూ తిరిగిన ఇద్దరు రచయితలు వీళ్ళు. పేరెత్తకపోతే మనిషి లేనట్టే అనుకుంటే ముందు పోవాల్సింది జెనోఫోనే. ఫీడో రాశాడు కాబట్టి కల్పితం అనడం కూడా నాకు ఎక్కదు. సోక్రటీసు గురించీ ప్లేటో నాటకాల్లాంటివి రాశాడు, అంతమాత్రాన సోక్రటీసు కల్పితం అనం కదా. ఫీడో ఎవరో కూడా చూడండి. తన ఊరు యుద్ధంలో ఓడితే బానిసగా అమ్ముడుపోయి, ఏథెన్స్‌లో ఒళ్ళు అమ్ముకునే చోట పడి, సోక్రటీసు చొరవతో విడుదలైనవాడు. చెప్పులు కుట్టేవాడి పేరు పెట్టి పుస్తకం రాయాలని ఆ గుంపులో అతనికే తోచింది. రాజవంశాల చుట్టరికం ఉన్న ప్లేటోకి తోచలేదు.

ఇక గిన్నె. అదే కాలం, అదే పేట, అదే వృత్తి, అదే పేరు. నాలుగూ కలిసిన చోట కూడా 'యాదృచ్ఛికం' అనగలరు, అనే హక్కు ఉంది. కానీ ఒక సేనాపతి విషయంలోనో కవి విషయంలోనో ఇన్ని ఆధారాలు కలిస్తే ఇంత అనుమానించేవారా? చెప్పులు కుట్టేవాడు తత్వం విన్నాడంటే నమ్ముతాం. రాశాడంటేనే గొంతు దిగదు. ఆ అనుమానంలో సగం ఆధారాల నుంచి వచ్చింది కాదని, చేతిపనివాడు కలం పట్టడాన్ని ఊహించుకోలేకపోవడం నుంచి వచ్చిందని నా నమ్మకం.

ఆ ఊహించుకోలేకపోవడం వాళ్ళ కాలం నుంచే ఉంది. చేతిపనులు ఒంటిని పాడుచేస్తాయి, రోజంతా నీడన కూర్చోబెడతాయి, ఒంటితో పాటు మనసూ బలహీనపడుతుంది అని జెనోఫోన్ సోక్రటీసు నోటే అనిపిస్తాడు. మంచి రాజ్యం చేతిపనివాణ్ణి పౌరుడిగా చేసుకోదని అరిస్టాటిల్ రాశాడు. ప్లేటో 'రిపబ్లిక్'లో ఇంకా కటువైన బొమ్మ ఒకటుంది. బట్టతల కమ్మరి ఒకడు కాస్త డబ్బు రాగానే స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని, చితికిపోయిన యజమాని కూతుర్ని పెళ్ళాడబోతాడు. అర్హత లేనివాళ్ళు తత్వశాస్త్రం జోలికి రావడం అలా ఉంటుందట. అదే పుస్తకంలో మనుషులు పుట్టుకతో బంగారం, వెండి, ఇనుము, కంచు అని చెప్పే కథ ఉంది. ఆ పేజీలు తెలుగువాళ్ళు చదివితే ఎక్కడో చదివినట్టు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఎక్కడో పడ్డట్టు అనిపిస్తుంది.

రెండింటినీ ఒకటే అనడం మాత్రం తప్పు. తోలు ముట్టుకున్నవాణ్ణి ఊరవతలే ఉంచిన పద్ధతి మనది. ఏథెన్స్‌లో వెక్కిరింత ఉంది, అంటరానితనం లేదు. బానిసత్వం ఉంది, అది వేరే నరకం. పౌరుడైన చెప్పులవాడు మాత్రం సభలో కూర్చుని యుద్ధం మీద, చట్టం మీద చెయ్యెత్తేవాడు. సభలో మాట్లాడటానికి జంకుతున్న చార్మిడీస్ అనే పెద్దింటి మనిషితో సోక్రటీసు ఇలా అంటాడు: ఎవరిని చూసి నీకు భయం? బట్టలు ఉతికేవాళ్ళనా, చెప్పులవాళ్ళనా, వడ్రంగులనా, రైతులనా? సభంటే వీళ్ళే కదా. ఇందులో వాళ్ళంటే చిన్నచూపూ ఉంది, సభ వాళ్ళదేనన్న నిజమూ ఉంది.

తోలువాళ్ళందరూ సోక్రటీసు పక్షమని కూడా నేననను. ఆయన మీద నేరం మోపిన ముగ్గురిలో ఆనిటస్‌ది తోలు వ్యాపారం చేసే ఇల్లు. కొడుకుని ఆ వ్యాపారానికే కట్టెయ్యొద్దని తాను చెప్పినందుకు ఆనిటస్‌కి కోపం అని సోక్రటీసు అన్నట్టు జెనోఫోన్ రాశాడు. ఒకే తోలు ఒకరికి సంపద అయింది, ఒకరికి కూర్చుని ఆలోచించుకునే చోటయింది.

పెరిక్లీస్ మాట దగ్గరికి వస్తాను, నా మటుకు నాకు సీమోన్ తత్వం అంతా అక్కడే ఉంది. పెరిక్లీస్ అంటే ఏథెన్స్‌ని దశాబ్దాలు నడిపినవాడు, పార్థెనాన్ కట్టించినవాడు. క్రీ.పూ. 429లో ప్లేగు కాలంలో చనిపోయాడు. ఆయన సీమోన్‌ని తన దగ్గరికి రమ్మన్నాడు, పోషణ తాను చూసుకుంటానన్నాడు. సీమోన్ చెప్పిన జవాబు: నా నోటి స్వేచ్ఛని డబ్బుకి అమ్మను.

అక్కడ వాడిన గ్రీకు మాట 'పర్రీసియా'. మనసులో ఉన్నది ఉన్నట్టు, ఎదుటివాడు ఎవరైనా, దాచకుండా అనెయ్యడం. ఏథెన్స్ పౌరులు తమ ఊరికి పెద్ద గౌరవంగా చెప్పుకున్న గుణం అది. ఆ మాట చరిత్రలో ఎంతోమంది వాడారు. కానీ ఎవరు ఏ ఆసరాతో వాడారో చూడాలి. ప్లేటో సిసిలీ దాకా వెళ్ళి రాజుగారి ఆస్థానంలో ఇబ్బందులు పడ్డాడు. సోక్రటీసు మరో శిష్యుడు అరిస్టిప్పస్ అదే రాజుల దగ్గర హాయిగా గడిపాడు. అరిస్టాటిల్ అలెగ్జాండర్‌కి పాఠాలు చెప్పాడు. సీమోన్ వద్దనగలిగాడంటే, మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే చెప్పు తెగినవాడు ఒకడు వస్తాడని అతనికి తెలుసు కాబట్టి. ఆరె, రంపె, నాలుగు మేకులు. అతని నోటికి కాపలా అవి. డబ్బున్నవాళ్ళు నిర్భయంగా మాట్లాడటం నాకు గొప్పగా తోచదు. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి ఊరి పెద్దకి కాదని చెప్పడం వేరు.

ఈ కథ జరిగిందా, తర్వాత అల్లారా అంటే, అల్లి ఉండొచ్చనే అనుకుందాం. అల్లినవాళ్ళకి కూడా ఆ మాట పెట్టడానికి సరైన నోరు చెప్పులు కుట్టేవాడిదే అనిపించింది కదా. రాజాస్థానం వైపు వెళ్ళని తత్వవేత్త కావాల్సినప్పుడల్లా గ్రీకులు ఇతన్నే తలుచుకున్నారు. సిసిలీ ఆస్థానంలో సుఖపడుతున్న అరిస్టిప్పస్‌కి సీమోన్ చీవాట్లు పెట్టినట్టు రోమన్ల కాలంలో ఎవరో ఉత్తరాలు కల్పించారు. వాటిలో అతను, అవును, నేను చెప్పులే చేస్తాను, బుద్ధి లేనివాళ్ళకి బుద్ధి చెప్పడానికి అవసరమైతే మళ్ళీ వారులు కోస్తాను అంటాడు. రోమన్ల కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ ఇంకా ముందుకెళ్ళాడు. సోక్రటీసు పక్కన కూర్చున్నట్టు తత్వవేత్త వచ్చి తన పక్కన కూర్చుంటాడంటే పెరిక్లీస్‌గా ఉండటం మానేసి చెప్పులు కుట్టే సీమోన్ అయిపోవాలని ఒకడు కోరుకున్నట్టు రాశాడు. అధికారంలో ఉన్నవాళ్ళతోనూ తత్వవేత్తలు మాట్లాడాలని చెప్పడానికే ఆయన ఆ మాట తెచ్చాడు. కానీ చివరికి ఎవరు ఎవరిలా కావాలనుకుంటున్నారో చూశారా!

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే కథ లోకంలో ఎక్కువ ప్రచారంలో ఉంది. అలెగ్జాండర్ కాలపు చిత్రకారుడు అపెల్లీస్ తన బొమ్మని బయట పెట్టి, వెనక దాక్కుని జనం మాటలు వినేవాడట. ఒక చెప్పులవాడు, బొమ్మలో చెప్పుకి లోపల ఒక కొక్కెం తక్కువ వేశారన్నాడు. అపెల్లీస్ దిద్దాడు. మర్నాడు అదే మనిషి సంతోషపడి కాలి తీరు గురించి కూడా ఏదో అనబోతే, చెప్పు దాటి పైకి రాకు అని గద్దించాడు. రోమన్ రచయిత ప్లినీ రాసిన ఈ కథ లాటిన్‌లో సామెత అయిపోయింది. నాకు ఈ సామెత తెలుగులో, మా నాన్న కొట్లోనే తెలుసు. ఆ కొట్టు అరుగు మీద పొద్దున్నే పేపర్ చదివి చర్చించుకునే పెద్దవాళ్ళు ఉండేవారు. ఒకసారి ఏదో కోర్టు తీర్పు మీద నాన్న ఒక మాట అన్నారు. ఒక పెద్దాయన పేపర్‌లోంచి తలెత్తకుండానే, "నువ్వు ఆ కాలరు సంగతి చూడవయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకప్పుడు పదకొండేళ్ళు. నాన్న కాలరు సంగతే చూశారు. ఆయన ఏమనబోయారో నాకు గుర్తులేదు, ఎంత తలుచుకున్నా గుర్తురాదు. సీమోన్ పుస్తకం పోయినందుకు నాకు ఇంత బాధ ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

పుస్తకాలు ఎలా పోతాయి? తగలబెడితేనే పోవాలని లేదు. పపైరస్ మీద రాసింది మళ్ళీ మళ్ళీ ఎవరో ఒకరు ఎత్తి రాస్తేనే నిలుస్తుంది, లేకపోతే పొడి అయిపోతుంది. ప్లేటోకి ఒక పాఠశాల ఉంది, శతాబ్దాల తరబడి అక్కడ పిల్లలు ఆయన పుస్తకాలే చదివారు, రాసుకున్నారు. అందుకే ఆయన రాసింది మొత్తం మనకి దక్కింది. ఆంటిస్థనీస్ కూడా సోక్రటీసు శిష్యుడే, పది సంపుటాలు రాశాడు, తునకలు తప్ప ఏమీ మిగల్లేదు. అరిస్టిప్పస్‌వి పోయాయి. ఫీడో రాసిన 'సీమోన్' కూడా పోయింది. చెప్పుల కొట్టుకి వారసుడంటే ఆరె పట్టేవాడే. పుస్తకం ఎత్తి రాసే తీరిక అతనికెక్కడిది? 'తోలు సంభాషణలు' అనే పేరులో కాస్త వెక్కిరింత కూడా నాకు వినిపిస్తుంది. తోలు వ్యాపారి క్లియోన్ రాజకీయాల్లో పైకొస్తే క్రీ.పూ. 424లో హాస్య నాటకాలు రాసే అరిస్టోఫనీస్ ఒక నాటకం మొత్తం అతని తోలు వాసన మీదే నడిపాడు. అలాంటి ఊళ్ళో ఆ పేరు పెట్టిన పుస్తకాన్ని ఖర్చు పెట్టి ఎత్తి రాయించుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఒక్క కథ మాత్రం సీమోన్ కొట్టు తలుపు పూర్తిగా మూసుకోలేదని చెబుతుంది. అరిస్టాటిల్, తత్వశాస్త్రం వైపు రమ్మని పిలుస్తూ సైప్రస్‌లో రాజైన థెమిసన్‌కి ఒక పుస్తకం రాశాడు. నీకు డబ్బుంది, పేరుంది, ఇంతకంటే అనుకూలం ఎవరికుంటుంది అని అందులో రాశాడు. థీబ్స్‌కి చెందిన క్రేటీస్ అనే తత్వవేత్త, ఉన్నదంతా పంచేసి బికారిగా బతికినవాడు, ఒక చెప్పుల కొట్లో కూర్చుని దాన్ని పైకి చదువుతున్నాడు. ఆ చెప్పులవాడు ఫిలిస్కస్ కుట్టు ఆపకుండానే చెవి ఇటు పెట్టి వింటున్నాడు. క్రేటీస్ అతన్ని చూసి, ఫిలిస్కస్, నేను ఇలాంటి పుస్తకం నీకు రాయాలి, రాజుకంటే నీకే తత్వానికి కావాల్సినవి ఎక్కువ ఉన్నాయి అన్నాడట. స్టోయిక్ మార్గం మొదలుపెట్టిన జీనో చెప్పిన కథ ఇది.

ఈ కథ దొరికాక మళ్ళీ ఊరెళ్ళాను. నాన్నకి అదే స్టూలు మీద కూర్చుని సీమోన్ గురించి మొదటి నుంచి చెప్పాను. పోయిన 33 సంభాషణల పేర్లూ చదివాను. నాన్న మిషన్ తొక్కుతూనే ఉన్నారు. 'గొప్పలు చెప్పుకోవడం గురించి' అన్నప్పుడు మాత్రం కాలు ఆపి, "అది ఉంటే బాగుండేది" అన్నారు.

తర్వాత ఫోన్‌లో ఫొటోలు చూపించాను. ముందు గిన్నె ముక్క, గీకిన పేరు. అద్దాలు సర్దుకుని, తలాడించి, పక్కకి జరపమన్నారు. ఎముక రింగుల దగ్గర కాస్త ఆగారు. మేకుల ఫొటో వచ్చాక ఫోన్ తన చేతిలోకి తీసుకున్నారు. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశారు.

"ఇవన్నీ ఎక్కడ దొరికాయమ్మా?"

"కొట్లోనే నాన్నా. నేల మీద."

"ఇన్నా?"

"ఇంకా చాలా ఉన్నాయట."

కిందకి వంగి, మిషన్ కాళ్ళ మధ్య పడి ఉన్న గుండీ ఒకటి తీసి డబ్బాలో వేశారు.

"మేకు డబ్బు పెట్టి కొన్నది. పని మీదే ధ్యాస ఉన్నవాడు ఒక్కటి జారినా చూసుకుని తీసుకుంటాడు. మాటల్లో పడితేనే ఇన్ని పోతాయి" అన్నారు.